ఎక్స్‌రే దగ్గర ఆగిపోయిన ఎయిర్ రైఫిల్: ఒక పార్సెల్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక షూటింగ్ అకాడమీ తమ 10 మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్‌ను రిపేరు కోసం పుణెలోని సర్వీస్ సెంటర్‌కి కొరియర్‌లో పంపింది. లైసెన్సు అక్కర్లేని ఆయుధం. కొన్న బిల్లు ఉంది. అందుకునేవాళ్ళు రోజూ ఇదే పని చేసేవాళ్ళు. అయినా పార్సెల్ ఎయిర్‌పోర్టు కార్గో స్క్రీనింగ్‌లో ఆగింది, విచారణకు పోలీసులు వచ్చారు, చివరికి పెట్టె వెనక్కి తిరిగొచ్చింది. తర్వాత అదే రైఫిల్ రోడ్డు మార్గంలో ఎవరూ ప్రశ్నించకుండా చేరింది, బాగుపడి వచ్చింది. ఈలోగా చట్టం మారలేదు. పెట్టెలో ఏం పెట్టారు, బిల్లు మీద ఏం రాశారు, ఏ దారిన పంపారు అన్నవి మాత్రం మారాయి. అకాడమీ, కొరియర్ సంస్థ, సర్వీస్ సెంటర్ పేర్లతో మనకి పనిలేదు కాబట్టి వదిలేస్తున్నాం.

రైఫిల్‌కి వచ్చిన జబ్బు

ఇది పీసీపీ రైఫిల్. అంటే గాలి ముందే సిలిండర్‌లో నింపి ఉంటుంది. సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉంటే, ఆ ఒత్తిడి నేరుగా పెల్లెట్ మీదికి, అంటే చిన్న సీసపు గుండు మీదికి రాదు. మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. అది ఒత్తిడిని బాగా తగ్గించి, ప్రతి షాట్‌కీ ఒకే మోతాదు గాలి అందిస్తుంది. ఈ రైఫిల్‌లో రెగ్యులేటర్ సీటు అరిగి గాలి లోపలికి ఊరుతోంది. దాన్ని షూటర్లు క్రీప్ అంటారు. గుర్తుపట్టడం తేలిక: రైఫిల్‌ను పది నిమిషాలు కదపకుండా ఉంచి తర్వాత వేసిన మొదటి షాట్ మిగతావాటి కన్నా వేగంగా పోతుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద మామూలుగా షాట్‌కీ షాట్‌కీ సెకనుకు ఒకటి రెండు మీటర్ల తేడా ఉంటుంది. ఇక్కడ మొదటి షాట్ దగ్గర ఆ తేడా ఎనిమిది దాటింది. పదో రింగు చుక్క సైజు అర మిల్లీమీటర్ ఉండే ఆటలో ఇది పనికిరాదు.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. ఈ మోడల్‌లో రెగ్యులేటర్ రైఫిల్ బాడీలో ఉంది, సిలిండర్‌లో లేదు. అంటే రిపేరుకి సిలిండర్ అవసరమే లేదు. సర్వీస్ సెంటర్ల దగ్గర సొంత సిలిండర్లు ఉంటాయి. బుక్ చేసే ముందు ఒక్క ఫోన్ చేసి "సిలిండర్ పంపాలా?" అని అడిగితే సగం కథ అక్కడే తీరిపోయేది.

చట్టం ఏమంటుంది

ఎయిర్‌గన్ ఆయుధం కిందికి రాదని చాలామంది అనుకుంటారు. 1959 ఆయుధాల చట్టంలో ఫైర్ ఆర్మ్‌కి ఇచ్చిన నిర్వచనం చదివితే సంగతి తెలుస్తుంది. పేలుడు పదార్థంతో గానీ, వేరే ఏ శక్తితో గానీ ప్రక్షేపకాన్ని వదిలేది ఏదైనా అందులోకి వస్తుంది. గాలి ఒత్తిడి ఆ "వేరే శక్తి"లోకి చక్కగా సరిపోతుంది. విడిభాగాలూ అదే నిర్వచనంలో ఉన్నాయి. లైసెన్సు అక్కర్లేకపోవడం అనేది ఆ తర్వాత ఇచ్చిన మినహాయింపు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, మజిల్ ఎనర్జీ (గొట్టం కొస దగ్గర పెల్లెట్‌కుండే శక్తి) 20 జౌళ్లు దాటకుండా ఉంటేనే లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. రెండు షరతులూ నెరవేరాలి. .22 ఎయిర్ రైఫిల్ ఎంత నెమ్మదిగా కాల్చినా బోరు దాటింది కాబట్టి లైసెన్సు కావాలి.

స్క్రీనింగ్ దగ్గరైనా, స్టేషన్‌లోనైనా అవతలివాళ్ళు అడిగేది ఈ జౌళ్ల లెక్కే. అది నోటితో చెబితే చాలదు, కాగితం మీద ఉండాలి. లెక్క కష్టం కాదు. పెల్లెట్ బరువు కిలోల్లో తీసుకుని, వేగాన్ని వేగంతోనే గుణించి, ఆ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని సగం చేయాలి. ఈ రైఫిల్‌కి పెల్లెట్ 0.53 గ్రాములు, వేగం సెకనుకు 172 మీటర్లు. వచ్చేది దాదాపు 7.8 జౌళ్లు. 20 జౌళ్ల గీతకి చాలా కింద. అదే పెల్లెట్ 20 జౌళ్లు తాకాలంటే సెకనుకు 275 మీటర్ల వేగం కావాలి, అడుగుల్లో 900 చిల్లర. అందుకే దుకాణాల్లో "వెయ్యి ఎఫ్‌పీఎస్" (సెకనుకు వెయ్యి అడుగులు) అని గొప్పగా రాసిన .177 స్ప్రింగ్ గన్ కొన్నవాళ్ళు ఒకసారి లెక్క వేసుకోవాలి. తేలిక మిశ్రమలోహ పెల్లెట్‌తో చూపించిన వేగాన్ని సీసం పెల్లెట్ బరువుతో కలిపి గుణిస్తే గీత దాటినట్టు కనిపిస్తుంది. లెక్కలో ఏ పెల్లెట్ వాడారో రాయకపోతే మీ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

మొదటి పార్సెల్

రైఫిల్‌తో వచ్చిన హార్డ్ కేస్‌లోనే అన్నీ సర్దారు. సిలిండర్ బిగించిన రైఫిల్, గేజ్ మీద 150 బార్ పైనే గాలి. పక్కన నిండుగా నింపిన స్పేర్ సిలిండర్. రెండు డబ్బాల పెల్లెట్లు, అలెన్ కీలు, చిన్న చేతి పంపు అడాప్టర్. కేస్‌ని గోనెగుడ్డలో చుట్టి కుట్టారు. కొరియర్ బిల్లు మీద "స్పోర్ట్స్ గూడ్స్" అని రాశారు. లక్షల్లో ఉన్న వస్తువుకి విలువ 45,000 వేశారు. తొందరగా చేరాలని ఎక్స్‌ప్రెస్ సర్వీస్ తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి ఎక్స్‌ప్రెస్ అంటే విమానమే అన్న సంగతి కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

విమానంలో వెళ్ళే ప్రతి పెట్టెనీ ఎక్స్‌రే చేస్తారు. తెర ముందు కూర్చున్న మనిషికి ఏం కనిపించిందో ఊహించండి. పొడవాటి బ్యారెల్, ట్రిగ్గర్, దాని కింద మందపాటి గొట్టం, గొట్టం చివర గుండ్రటి గేజ్. పక్కన అలాంటిదే ఇంకో గొట్టం. వందల కొద్దీ చిన్న సీసపు గుళ్లు. కాగితం మీద చూస్తే "స్పోర్ట్స్ గూడ్స్". ఆపకపోతే ఆయన ఉద్యోగానికే ముప్పు.

ఇందులో అసలు తప్పు సిలిండర్. తుపాకీ చట్టాన్ని పక్కన పెట్టినా అది ఎక్కకూడదు. విమాన రవాణా నియమాల్లో ఒత్తిడితో ఉన్న గాలి ప్రమాదకర సరుకు. యూఎన్ నంబర్ 1002, తరగతి 2.2. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ లోపు ఉంటేనే ఆ నియమం వర్తించదు. 200 కిలోపాస్కల్స్ అంటే 2 బార్. రైఫిల్ సిలిండర్‌లో అంతకు డెబ్బై ఐదు రెట్లు ఉంది, స్పేర్‌లో వంద రెట్లు. ప్రమాదకర సరుకుని పంపాలంటే దానికి వేరే డిక్లరేషన్, వేరే ప్యాకింగు, వేరే లేబుల్ ఉంటాయి. ఏమీ చెప్పకుండా మామూలు పార్సెల్‌లో పెట్టడం దానికదే నేరం.

రోడ్డు మీద పంపినా నిండు సిలిండర్ మంచిది కాదు. మే నెలలో లారీ కంటైనర్ లోపల 60 డిగ్రీలు చేరడం వింత కాదు. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకి 223 బార్ చూపిస్తుంది. కొత్త సిలిండర్ తట్టుకుంటుంది. తయారై పదేళ్లు నిండిన సిలిండర్‌ని తయారీదారులే వాడొద్దంటారు. తేదీ సిలిండర్ మీద కొట్టి ఉంటుంది. ఈ కేసులో స్పేర్ సిలిండర్ ఆ గడువు దాటిపోయిందని వెనక్కి వచ్చాక తేదీ చూస్తే తేలింది.

రెండో తప్పు పెల్లెట్లు. అవి పేలవు, మండవు, ప్రమాదకర సరుకు జాబితాలో లేవు. మరి ఇబ్బంది ఎక్కడ? వాటి హెచ్ఎస్ఎన్ (పన్ను కోసం సరుకుల్ని వర్గీకరించే కోడు) శీర్షిక 9306. ఆ శీర్షిక మొదలయ్యేదే బాంబులు, గ్రెనేడ్లు, టార్పెడోలు, మందుపాతరలతో. ఎయిర్‌గన్ పెల్లెట్లు ఆ వరసలోనే ఎక్కడో చివర ఉంటాయి. కొరియర్ సంస్థ కంప్యూటర్‌కి ఆ వివరం పట్టదు. 9306 కనిపిస్తే బుకింగ్ ఆపేస్తుంది. 500 పెల్లెట్ల డబ్బా బరువు పావుకిలోకి కాస్త ఎక్కువ, ధర కూడా రైఫిల్‌తో పోలిస్తే లెక్కలోది కాదు. దానికోసం రైఫిల్ పార్సెల్‌ను బలిపెట్టడం దండగ. టెస్టింగ్‌కి కావలసిన పెల్లెట్లు సర్వీస్ సెంటర్ దగ్గరే ఉంటాయి. ఫలానా బ్యాచ్‌తోనే చూడమనాలంటే పది పదిహేను పెల్లెట్లు విడిగా, వేరే కవర్‌లో, వేరే బిల్లు మీద పంపితే సరిపోతుంది.

ఇక విలువ. 45,000 ఎందుకు వేశారంటే, 50,000 దాటితే సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు కావాలి కాబట్టి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే. వాడిన వ్యక్తిగత వస్తువులకి ఈ-వే బిల్లు నుంచి మినహాయింపు జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. అకాడమీకి జీఎస్టీ నమోదు ఉంటే డెలివరీ చలాన్ రాసి, దాని మీద ఈ-వే బిల్లు తీయడం పది నిమిషాల పని. తక్కువ విలువ వేయడంతో రెండు నష్టాలు వచ్చాయి. కొన్న బిల్లుకీ కొరియర్ బిల్లుకీ పొంతన లేకపోయేసరికి విచారణ చేసేవాళ్ళకి అనుమానం పెరిగింది. దారిలో ఏదైనా విరిగి ఉంటే పరిహారం కూడా ఆ 45,000 దాటేది కాదు.

విడిపించుకోవడం

కొరియర్ సంస్థ నుంచి ముందు వచ్చింది "షిప్‌మెంట్ హోల్డ్" అన్న మెసేజ్ మాత్రమే. కారణం రాదు. ఈ దశలో చాలామంది చేసే పని కస్టమర్ కేర్‌కి పదేపదే ఫోన్ చేయడం. దాని వల్ల ఏమీ జరగదు. బుక్ చేసిన బ్రాంచి మేనేజర్‌ని కలిసి, పెట్టె ఎవరి అధీనంలో ఉందో రాతపూర్వకంగా అడగాలి. అది స్క్రీనింగ్ చేసిన ఏజెంట్ దగ్గర ఉందా, ఎయిర్‌పోర్టు భద్రతా సిబ్బంది దగ్గర ఉందా, పోలీసులకి అప్పగించారా అన్నదాన్ని బట్టి వెళ్ళవలసిన చోటు మారుతుంది. ఇక్కడ స్థానిక పోలీసు స్టేషన్‌కి సమాచారం వెళ్ళింది, పెట్టె మాత్రం కార్గో షెడ్‌లోనే ఉంది.

పనికొచ్చిన కాగితాలు ఇవి. డీలర్ ఇచ్చిన ఒరిజినల్ బిల్లు, దాని మీద రైఫిల్ సీరియల్ నంబరు. తయారీదారు మాన్యువల్‌లో క్యాలిబర్, వేగం ఉన్న పేజీ. పైన చెప్పిన జౌళ్ల లెక్క, సంతకంతో. రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం, షూటర్ గుర్తింపు కార్డు. రిపేరుకి ఫలానా సీరియల్ నంబరు రైఫిల్ మేమే రమ్మన్నామని సర్వీస్ సెంటర్ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన లేఖ. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఈ చివరి లేఖే. ఎందుకంటే అధికారికి కావలసింది, ఈ వస్తువు ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి, ఎందుకు వెళ్తోందన్న ఒక్క జవాబు. ఆ జవాబు ఇద్దరి వైపు నుంచీ ఒకేలా వస్తే అనుమానం తగ్గుతుంది.

చెప్పకూడని మాటలు కూడా ఉంటాయి. "బొమ్మ తుపాకీ సార్", "పిల్లలు ఆడుకునేది" లాంటివి. తెరిచి చూస్తే నాలుగు కిలోల పైచిలుకు ఉక్కు, అల్యూమినియం కనిపిస్తుంది. బొమ్మ అని చెప్పినవాడిని ఆ తర్వాత ఏ విషయంలోనూ నమ్మరు. "లైసెన్సు మినహాయింపు ఉన్న పోటీ ఎయిర్ రైఫిల్" అని మొదటి వాక్యంలోనే చెప్పడం మంచిది. స్టేషన్‌లో చాలామందికి 2016 నిబంధనల సంఖ్యలు గుర్తుండవు. గెజిట్ కాపీలో ఆ పేజీ ప్రింటు తీసుకెళ్ళి, కావలసిన వాక్యం కింద గీత గీసి ఇస్తే వాదన పెరగదు.

ఆయుధం గురించిన విచారణ ఇలా ముగిసింది. సిలిండర్ల సంగతి వేరు. అది కొరియర్ సంస్థ నియమాల ఉల్లంఘన కూడా. వాళ్ళు పార్సెల్‌ను ముందుకు పంపడానికి ఒప్పుకోలేదు. వెనక్కి పంపే ఖర్చు అకాడమీ మీదే పడింది. కాంట్రాక్టు ప్రకారం అది న్యాయమే. చట్టం ఒప్పుకున్నది ఒకటి, కొరియర్ సంస్థ ఒప్పుకున్నది మరొకటి. ఆయుధాలు, వాటి నమూనాలు, ఎయిర్‌గన్‌లు తీసుకోమని చాలా సంస్థలు తమ నిషేధిత జాబితాలో స్పష్టంగా రాసుకుంటాయి. చట్టంలో మినహాయింపు ఉందని వాళ్ళని బలవంతపెట్టలేం. ముందే ఈమెయిల్‌లో అడిగి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకుని, ఆ ప్రింటు పార్సెల్ కాగితాలతో జతచేయాలి. కౌంటర్‌లో కుర్రాడు "ఏం కాదు పంపండి" అన్నది లెక్కలోకి రాదు. హబ్‌లో ఆ మాట ఎవరికీ వినపడదు.

సిలిండర్ ఖాళీ చేయడం

రెండోసారి సిలిండర్ పంపలేదు. కానీ సిలిండర్‌లోనే లీకు ఉండి అదే పంపాల్సిన సందర్భాలు వస్తాయి కాబట్టి ఆ పద్ధతి కూడా చెప్పుకోవాలి.

ముందు రైఫిల్ ఖాళీ అని చూసుకోవాలి. సిలిండర్‌ని చేత్తోనే విప్పాలి, పానా అక్కర్లేదు. విప్పేటప్పుడు "బుస్"మని కాస్త గాలి వస్తుంది, అది మామూలే. విప్పాక కూడా లోపలి గదిలో కొద్దిగా ఒత్తిడి మిగిలి ఉండొచ్చు. బ్యారెల్‌ను సురక్షితమైన వైపు పెట్టి, గాలి శబ్దం ఆగేదాకా రెండు మూడు సార్లు ట్రిగ్గర్ నొక్కాలి. తర్వాత సిలిండర్‌కి తయారీదారు ఇచ్చిన గాలి తీసే అడాప్టర్ బిగించి నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే గాలి వ్యాకోచించి వాల్వు చల్లబడుతుంది, పైన మంచు పేరుకుంటుంది, ఓ-రింగ్ గట్టిపడి దెబ్బతింటుంది. కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో వాల్వు పిన్ను నొక్కేవాళ్ళున్నారు. పిన్ను వంగితే సిలిండర్ మూలన పడేయాల్సిందే, జారితే చేతికి గాయం.

గేజ్ సున్నా చూపిస్తే ఖాళీ అయినట్టు కాదు. ఈ చిన్న గేజ్‌లు కింది అంచులో సరిగ్గా చదవవు. గాలి తీసే అడాప్టర్‌ను అలాగే బిగించి ఉంచి, దానికి "ఖాళీ, వాల్వు తెరిచి ఉంది" అని ట్యాగు కట్టి పంపడమే ఋజువు. ఎక్స్‌రేలో నిండు సిలిండర్, ఖాళీ సిలిండర్ ఒకేలా కనిపిస్తాయి. తెరిచినవాడికి వాల్వు తెరిచి ఉండటం కళ్ళకి కనపడాలి. దీనికో నష్టం ఉంది. పూర్తిగా ఖాళీ అయిన సిలిండర్‌లోకి తేమ చేరుతుంది. ఒక ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్‌తో కట్టి పంపి, అక్కడ పొడి గాలితో నింపమని చెప్పాలి.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టల్ అయితే బ్యాటరీ కూడా తీయాలి. లిథియం బ్యాటరీకి విమాన నియమాలు వేరేగా ఉన్నాయి. పైగా గొట్టం, గేజ్, తీగ, బ్యాటరీ ఒకే చిత్రంలో కనిపిస్తే తెర ముందున్న మనిషి దాన్ని పిస్టల్ అనుకోడు.

రెండో పార్సెల్

డయాప్టర్ (గురి చూసే వెనక సైటు), ముందు సైటు, బట్‌ప్లేట్ (భుజానికి ఆనే పలక) హుక్, అదనపు బరువులు విప్పేశారు. డయాప్టర్ విప్పకుండా పంపడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన బద్ధకం. కేస్ బోర్లా పడితే బరువంతా దాని మీదే పడుతుంది, క్లిక్కుల స్క్రూ వంగుతుంది, పైకి ఏమీ తెలియదు. విప్పే ముందు రైల్ మీద దాని స్థానం పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఫోటో తీశారు. ఒక్కో భాగాన్ని బబుల్ షీట్‌లో చుట్టి, పేరు రాసి, కేస్ మూతలోని జేబులో కాకుండా స్పాంజిలో కోసిన గుంటలో పెట్టారు. మూత జేబులో పెట్టినవి కదిలి రైఫిల్ మీదే పడతాయి.

బ్యారెల్‌లో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్, అంటే గొట్టం ఖాళీ అని చూపించే తీగ, దూర్చారు. ఎయిర్ రైఫిల్‌కి ఈ తీగ బ్యారెల్ పొడవునా ఉండి రెండు కొసల్లోనూ కనిపించాలి. తెరిచినవాడు తుపాకుల గురించి ఏమీ తెలియనివాడైనా లోపల పెల్లెట్ లేదని చూడగానే అర్థమవుతుంది. ఫ్లాగ్ ఉంటే లోడింగ్ లివర్ మూయడం కుదరదు. తెరిచి ఉన్న లివర్ బయటికి పొడుచుకొస్తుంది, దెబ్బ తగిలితే విరుగుతుంది. కాబట్టి లివర్ ఆకారానికి స్పాంజిలో వేరే గుంట కోసి, చుట్టూ రెండు వేళ్ల మందం ఖాళీ ఉంచారు. చాలామంది లివర్ మూసేసి ఫ్లాగ్‌ను పక్కన టేపు వేస్తారు. రైఫిల్‌కి అది క్షేమమే కానీ తనిఖీలో దాని విలువ పోతుంది.

హార్డ్ కేస్‌ని ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టి, అన్ని వైపులా నాలుగైదు సెంటీమీటర్లు ఫోమ్ నింపారు. థర్మోకోల్ ముక్కలు వద్దు. అవి నలిగి పొడై ట్రిగ్గర్ గదిలోకి దూరతాయి. కేస్‌కి తాళం వేసి, ఒక తాళంచెవిని కాగితాల కవర్‌లో పెట్టారు. తాళం పగలగొట్టే అవసరం తనిఖీవాళ్ళకి రాకూడదు.

అట్టపెట్టె బయట "గన్", "రైఫిల్" లాంటి మాటలేవీ రాయలేదు. హబ్‌లో యాభై చేతులు మారే పెట్టె మీద ఆ మాట రాయడం దొంగని పిలవడమే. పూర్తి వివరం ఉండాల్సింది బిల్లు మీద, చలాన్ మీద, కేస్ మూత లోపల అతికించిన కాగితం మీద. ఆ కాగితం మీద రాసింది ఇది: "10 మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్, క్యాలిబర్ .177, మజిల్ ఎనర్జీ 7.8 జౌళ్లు, సీరియల్ నంబరు ఫలానా, హెచ్ఎస్ఎన్ 9304. సిలిండర్ లేదు. పెల్లెట్లు లేవు. రెగ్యులేటర్ మరమ్మతుకు పంపుతున్నాం, అమ్మకానికి కాదు." కింద పంపినవారి, అందుకునేవారి ఫోన్ నంబర్లు.

పెట్టె కొలతలు 122, 40, 20 సెంటీమీటర్లు. మూడింటినీ గుణించి 5,000తో భాగిస్తే 19.5 కిలోలు. తూకం మీద పది కిలోలు కూడా లేదు, డబ్బు మాత్రం 19.5కే కట్టాలి. ఇది చూసి బెదిరి కొందరు రైఫిల్‌ను స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) నుంచి విడదీసి పొట్టి పెట్టెలో పంపుతారు. స్టాక్ స్క్రూల బిగింపు మారితే గ్రూపు, అంటే గుళ్లు తగిలే తీరు, మారుతుంది. అలా ఆదా చేసిన కొన్ని వందలు మళ్లీ సెట్టింగ్‌కి పెట్టే పెల్లెట్ల ఖర్చుకి రావు.

సర్వీస్ మాత్రం రోడ్డుదే తీసుకున్నారు, బిల్లు మీద "సర్ఫేస్" అని ఉందో లేదో కౌంటర్‌లోనే చూసుకున్నారు. పూర్తి విలువ వేసి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ కట్టారు. ఇన్సూరెన్స్ లేకుండా లారీ రవాణా మీద ఆధారపడితే ఎంతొస్తుందో తెలుసుకోవాలి. 2007 రోడ్డు రవాణా చట్టం కింద, ఎక్కువ విలువ ముందే ప్రకటించకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పదిరెట్ల వరకే. కిరాయి 1,200 అనుకుంటే చేతికొచ్చేది 12,000. లక్షల రైఫిల్‌కి అది ఏ మూలకి? నష్టపరిహారం అడగాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు కూడా ఇచ్చి ఉండాలి.

పోస్టాఫీసు, వేరే ఆయుధాలు

పోస్టులో పంపొచ్చు కదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం పోయి 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. పార్సెల్‌ను ఆపి తెరిచే అధికారం పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. స్పీడ్ పోస్ట్ దూరప్రాంతాలకి విమానంలోనే వెళ్తుంది కాబట్టి అదే ఎక్స్‌రే ఎదురవుతుంది. పోస్టల్ బ్యాగేజీకి ఈ-వే బిల్లు అక్కర్లేదన్న ఒక్క సౌలభ్యం కోసం రైఫిల్‌ను పోస్టుకి ఇవ్వడం మా దృష్టిలో లాభం కాదు. డయాప్టర్, గ్రిప్, బట్‌ప్లేట్ లాంటివి మాత్రం నిశ్చింతగా వెళ్తాయి, పేరు సరిగ్గా రాస్తే.

50 మీటర్ల .22 ఎల్ఆర్ రైఫిల్, షాట్‌గన్, స్పోర్ట్స్ పిస్టల్ విషయంలో ఈ కేసు పాఠాలేవీ వర్తించవు. అవి లైసెన్సు ఆయుధాలు. వాటిని కొరియర్ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళే ఆలోచనే రాకూడదు. లైసెన్సుదారే స్వయంగా తీసుకెళ్ళాలి, లేదా లైసెన్సున్న డీలర్ ద్వారా జరగాలి. బాగుచేసేవాళ్ళకి కూడా లైసెన్సు ఉండాలని ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. వాటి బ్యారెల్, బోల్టు విడిగా పంపినా నిర్వచనంలో విడిభాగాలు ఉన్నాయి కాబట్టి లెక్క ఒకటే.

లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న బంధువు అక్కడ చవగ్గా వస్తోందని ఎయిర్ రైఫిల్ కొని ఇంటికి పార్సెల్ చేస్తానంటే వద్దని చెప్పాలి. ఇక్కడ లైసెన్సు అక్కర్లేకపోవడానికీ దిగుమతికి అనుమతి ఉండటానికీ సంబంధం లేదు. దేశాన్ని బట్టి గీతలు కూడా మారతాయి. బ్రిటన్‌లో ఎయిర్ రైఫిల్ పరిమితి 12 అడుగుల పౌండ్లు, అంటే 16.3 జౌళ్లు, మన 20 కన్నా తక్కువ. అక్కడ వ్యాపారి ఎయిర్‌గన్‌ను కొన్నవాడికి ఎదురుగా నిలబడి ఇవ్వాలే తప్ప నేరుగా ఇంటికి పార్సెల్ చేయడానికి వీల్లేదు. వారంటీ రిపేరుకని మన రైఫిల్‌ను జర్మనీకి పంపినా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ దాన్ని మళ్లీ దిగుమతిగానే చూస్తుంది. వెళ్ళేటప్పుడు సీరియల్ నంబరుతో ఎగుమతి కాగితాలు చేయించుకోకపోతే సుంకం రెండోసారి కట్టాల్సి రావొచ్చు.

చేరాక, తిరిగొచ్చాక

సర్వీస్ సెంటర్‌వాళ్ళు పెట్టె తెరవడం వీడియో తీశారు. ఇది ముందే మాట్లాడుకున్న షరతు. సీలు, తాళం, సీరియల్ నంబరు, ఒక్కో భాగం వరసగా కనిపించాయి. రెగ్యులేటర్ సీటు, ఓ-రింగులు మార్చి, క్రోనోగ్రాఫ్ మీద ఇరవై షాట్ల పట్టీ జతచేశారు. అందులో విశ్రాంతి తర్వాత వేసిన మొదటి షాట్ కూడా ఉండాలని అడగడం మంచిది. వరసగా వేసిన షాట్లలో క్రీప్ బయటపడదు.

తిరుగు ప్రయాణానికి కొత్త కాగితాలు కావాలి. వెళ్ళేటప్పటి చలాన్‌నే మళ్లీ వాడటం కుదరదు. సర్వీస్ సెంటర్ బిల్లు మీద సీరియల్ నంబరు, చేసిన పని, కొత్త మజిల్ వేగం ఉండాలి. రెగ్యులేటర్ మార్చాక వేగం మారితే జౌళ్ల కాగితం కూడా మారుతుంది. ఈ రైఫిల్ 174 దగ్గర సెట్ అయి వచ్చింది, లెక్క 8 జౌళ్లు. మూత లోపలి కాగితం మీద 7.8 కొట్టేసి కొత్త అంకె రాయించారు. ఫ్లాగ్ ఉంది, సిలిండర్ లేదు. డెలివరీ అకాడమీ వాచ్‌మన్‌కి ఇవ్వకుండా, ఓటీపీ చెప్పిన కోచ్ చేతికే ఇచ్చేలా బిల్లు మీద రాయించారు. పెట్టె విప్పి సిలిండర్ బిగించి, ముప్పావు గంట ఆగి గేజ్ చూశారు. ముల్లు కదల్లేదు. డయాప్టర్‌ను పెన్సిల్ గుర్తు దగ్గర బిగించి జీరో (గురిపెట్టిన చోటే తగులుతోందా అన్నది) చూస్తే, ఎడమకి నాలుగు క్లిక్కులు తిప్పాల్సి వచ్చింది.